టోపీ దొర మర్చిపోయిన పెట్టె

మా ఇంట్లో ఆయన పేరు టోపీ దొర. అసలు పేరు వేరే ఉంది, క్యాసెట్ డబ్బాల మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేది. కానీ బోధన్‌లో మా వాడ ఆడవాళ్ళలో ఒక్కరికీ ఆ పేరుకు నోరు తిరగలేదు. హాలీవుడ్ నలుపు తెలుపు కాలం నాటి హీరో. పొడుగు మనిషి, నిద్ర చాలని కళ్ళు, నెత్తిన ఎప్పుడూ టోపీ. పడుకునేటప్పుడైనా తీస్తాడో లేదో అని మా అవ్వకు, అంటే మా అమ్మకు, అనుమానం.

కిందటి నెలలో ఆయన సినిమాలన్నీ మళ్ళీ తెప్పించుకున్నాను. పన్నెండు డిస్కులు, ఒక అందమైన డబ్బాలో. నిజామాబాద్‌లో ఆ రోజు ముసురు పట్టింది. బడి నుంచి వచ్చేసరికి ప్యాకెట్ గేటుకు వేలాడుతూ తడిసిపోయి ఉంది. నేను పిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. కోపిష్టి టీచరమ్మనని ఊరంతా పేరు. అలాంటిదాన్ని ఆ తడి అట్టను పంటితో చింపి, కొంగుతో డిస్కులు తుడుచుకుంటూ నేల మీద కూలబడ్డాను. మా బాపు పోయి పదకొండేళ్ళు. బాపు గొంతు లేకుండా టోపీ దొర సినిమా ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

పన్నెండింటిలో ఒకదాన్ని మాత్రం తీసి బీరువా మీద పెట్టాను. ఆ సినిమా మీద నాకు కోపం. ఆ సినిమా మీద కాదు, దాన్ని బాపు చెప్పిన తీరు మీద. మా అక్క బతుకును ఆ కథే ఆగం చేసిందని ముప్పై ఏళ్ళుగా నా మనసులో ఉంది.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఒక పెద్ద ఆఫీసరుకు జీపు తోలేవాడు. ఆ సారుకు టోపీ దొరంటే పిచ్చి. బంగళాలో సినిమా చూడడం, తెల్లారి చెరుకు తోటల మీదికి జీపులో పోతూ ఆ కథ బాపుకు చెప్పడం. సారు రిటైరై ఊరు విడిచిపోయేటప్పుడు తన వీసీఆర్‌నూ పన్నెండు క్యాసెట్లనూ బాపుకే ఇచ్చి పోయాడు. బాపుకు ఇంగ్లీషు ముక్క రాదు. స్టాప్, గో, రివర్స్, అంతే ఆయన చదువు. అయితేనేం! ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో సినిమా పడేది. కిటికీలకు అవ్వ చీరలు కట్టేవాళ్ళం, ఒకదానికి ఎర్రది, ఇంకోదానికి పచ్చది. గది సగం ఎర్రగా, సగం పచ్చగా ఉండేది. చెరుకు ఆడే నెలల్లో ఫ్యాక్టరీ వైపు నుంచి పాకం వాసన, దాని వెనకే కొంచెం పులిసిన వాసన లోపలికి వచ్చేవి. ఆ వెలుగులో, ఆ వాసనలో ఇరవై మంది ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని చాపల మీద కూచునేవాళ్ళు.

బాపు టీవీ పక్కన స్టూలేసుకుని చేతిలో చెరుకు గడ పట్టుకునేవాడు. మా వైపు పటం కథ చెప్పేవాళ్ళు వచ్చేవాళ్ళు. బొమ్మలు వేసిన పొడుగు బట్టను మెల్లగా విప్పుతూ, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ కథ చెప్పేవాళ్ళు. బాపు ఆ పట్టే పట్టాడు. కర్రకు బదులు చెరుకు. సినిమా అయిపోగానే ఆ గడను ముక్కలు చేసి పిల్లలకు పంచేవాడు. అందుకే ఎంత విసుగొచ్చినా ఒక్క పిల్ల కూడా మధ్యలో లేచిపోయేది కాదు.

"సూడుండ్రి, గిప్పుడు మన టోపీ దొర కచేరికాడికి వోతుండు. దాయాదులు గట్టు జరిపిండ్రు గద. ఇగ సూడుండ్రి, ఎట్ల అడుగుతడో!"

తెర మీద టోపీ దొర కోర్టులో నిలబడి పది నిమిషాలు గడగడా మాట్లాడేవాడు. బాపు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేవాడు. "నా గట్టు నాకియ్యుండ్రి అంటుండు."

"గంతసేపు మాట్లాడిండు, గింతేనా?" అని ఎవరో ఒకామె అడిగేది.

"దొరలు గట్లనే మాట్లాడుతరు. మనకు రెండు మాటలైతే వాళ్లకు ఇరవై," అని బాపు కసురుకునేవాడు. అందరూ తలలూపేవాళ్ళు.

డిస్కు పెట్టి, కింద అక్షరాలు చదువుకుంటూ మొదట చూసింది ఆ కోర్టు సినిమానే. గట్టూ లేదు, దాయాదులూ లేరు. ఎవరో ముసలి మేనత్త తన ఇంటిని పిల్లి పేరు మీద రాసి చచ్చిపోయింది, అదీ గొడవ. పిల్లి! నవ్వలేక కడుపు పట్టుకున్నాను. నవ్వి నవ్వి ఆగాక దిగులేసింది. చిన్నప్పుడు ఆ గట్టు నాకు స్పష్టంగా కనబడేది. దాని మీద తంగేడు పూసి ఉండేది. ఇప్పుడు దాన్ని ఎవరో నిజంగానే జరిపేశారు.

రెండోది ఓడ సినిమా. తుపానులో ఓడ, టోపీ దొర దానికి కెప్టెను. బాపు సముద్రం చూసి ఎరగడు. ఆయనకు తెలిసిన పెద్ద నీళ్ళంటే కందకుర్తి దగ్గరివే, మంజీర వచ్చి గోదావరిలో కలిసేచోటు. అందుకని ఆ తుపాను బాపు నోట్లో కందకుర్తి వరద అయిపోయింది. "మంజీర ఎర్రగ దిగింది, గోదారి నల్లగున్నది, రెండిటి నడుమ చిక్కిండు దొర," అనేవాడు. నలుపు తెలుపు బొమ్మలో ఎరుపెక్కడిదని ఎవ్వరూ అడగలేదు. నాకైతే ఎర్ర నీళ్ళు కనబడ్డాయి కూడా. తర్వాతెప్పుడో బడి నుంచి మమ్మల్ని కందకుర్తికి తీసుకుపోయినప్పుడు, నేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఓడ కోసం వెతికాను. పడవ నడిపే ముసలాయన్ని అడిగాను. ఆయన మరాఠీ కలిసిన తెలుగులో ఏదో అని, నవ్వి, అవతలి ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. ఓడ అటు వెళ్ళిపోయిందనుకుని చాలాసేపు అటే చూశాను.

డిస్కులో సముద్రం ఎంతో స్పష్టంగా ఉంది. అలల మీది నురుగు కూడా లెక్కపెట్టొచ్చు. అయినా నా కళ్ళు ఊరుకోవు కదా, కెరటాల వెనక కందకుర్తి ఒడ్డును వెతుకుతాయి. ఒక్కోసారి దొరుకుతుంది కూడా. గుడి మెట్లు, తడి బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళు, నీళ్ళలో నిలబడ్డ నేను.

మూడోదానిలో నాకు అసలు సంగతి తెలిసింది. ముద్దులు! చిన్నప్పుడు టోపీ దొర సినిమాల్లో ఒక్క ముద్దు చూసిన గుర్తు లేదు. ఎంత పద్ధతి గల మనిషో అని అవ్వ మెచ్చుకునేది. ఇప్పుడు చూస్తే పది నిమిషాలకొకటి. ఎక్కడ పోయాయివన్నీ అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆడ మనిషీ టోపీ దొరా దగ్గరికి రాగానే బాపు స్టూలు మీద నుంచి లేచేవాడు. టీవీకి అడ్డంగా నిలబడి, వెనక వైరు సరిచేస్తున్నట్టు వంగేవాడు. "గీ వైరు లూజైంది," అనేవాడు. ఆ వైరు ఎన్నేళ్ళు లూజుగా ఉందో! మాకు కనబడింది బాపు వీపు, చెమటకు తడిసిన ఖాకీ చొక్కా. ఆ గుడ్డ వెనక ఇంత ప్రేమ నడిచిందని ఇన్నాళ్ళకు తెలిసింది.

బడి నుంచి రాగానే కర్టెన్లు దించి రోజుకొకటి చూశాను. నాలుగో రోజు నుంచి సౌండ్ తీసేశాను. అక్షరాలు కూడా తీసేశాను. ఒట్టి బొమ్మలు కదులుతుంటే, బాపు గొంతు దానంతటదే వచ్చేది. బయట ముసురు, లోపల టోపీ దొర, నా చేతిలో చల్లారిపోయిన చాయ్. ఏది అసలు కథో ఏది బాపు కథో కలిసిపోయేవి. ఒకరోజు అట్లాగే నిద్రపోయాను. కలలో టోపీ దొర మా జీపు తోలుతున్నాడు, బాపు వెనక సీట్లో కూచుని ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. మెలకువ వచ్చాక కూడా బాపు ఏమన్నాడో వినబడుతూనే ఉంది. అర్థం మాత్రం కాలేదు. ఇంగ్లీషు టీచర్ని!

పదకొండు అయిపోయాయి. పన్నెండోది బీరువా మీదే ఉంది.

ఆ పన్నెండో సినిమాలో టోపీ దొర పెళ్ళైన కొత్తలో భార్యను విడిచి దూరదేశం పోతాడు. ఏళ్ళు గడుస్తాయి. ఆమె కిటికీ దగ్గర కూచుని కుట్టుపని చేసుకుంటూ ఉంటుంది. చివరికి ఒక సాయంత్రం ఆయన రైలు దిగి, మట్టిదారిన నడిచొచ్చి, ఇంటి గేటు ముందు నిలబడతాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుంటాడు. "అగో, ఎంటికలున్నయే!" అని అవ్వ అరిచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిగిలింది వచ్చే ఆదివారం చూద్దామన్నాడు బాపు. ఆ వారంలోనే అక్కకు సంబంధం కుదిరింది. ఇక సినిమా ఎవరికి పట్టింది? క్యాసెట్ వీసీఆర్‌లోనే, ఆ గేటు దగ్గరే ఆగిపోయింది.

పెళ్ళినాడు వీడియో తీసే ఆయన దగ్గర క్యాసెట్ సరిగ్గా అప్పగింతల ముందు అయిపోయింది. మంచి ముహూర్తం రోజు, బోధన్ మొత్తం తిరిగినా ఖాళీ క్యాసెట్ దొరకలేదు. బిడ్డ వాకిలి దాటిపోతోంది, బాపుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. లోపలికి ఉరికి వీసీఆర్‌లో ఉన్న క్యాసెట్ లాక్కొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. కొన్న సినిమా క్యాసెట్‌కు మూలన ఒక చిన్న బొక్క ఉంటుంది, దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా. ఆ బొక్క మూస్తే రికార్డవుతుంది. బాపు శుభలేఖ అంచు చింపి, విస్తట్లోని అన్నం మెతుకుతో దాన్ని అంటించాడు. ఆ ముక్క మీద ఆయన పసుపు వేలిముద్ర ఇప్పటికీ ఉంది.

అలా టోపీ దొర కథ చివరి భాగం పోయింది. ఆ క్యాసెట్ వేస్తే గేటు ముందు టోపీ పట్టుకుని నిలబడ్డ మనిషి, తర్వాత ఒక గీత, గరగర, ఆ వెంటనే రంగుల్లో మా వాకిలి. పసుపు చీరలో అక్క, అవ్వ మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ.

అక్క అత్తగారిది రెంజల్ అవతలి ఊరు. మూడేళ్ళు కాపురం చేసింది. తర్వాత బావ గల్ఫ్ పోయాడు. ఒక ఏడాది ఉత్తరాలొచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఇంకొన్నాళ్ళకు, తిరిగొచ్చి బొంబాయిలోనే ఉంటున్నాడనీ, అక్కడ ఇంకో సంసారం ఉందనీ వాళ్ళ ఊరివాళ్ళే చెప్పారు. బాపు కొత్త సారును అడిగి జీపు తీసుకుపోయి అక్కను ఇంటికి తెచ్చాడు. ఆ జీపు వచ్చి ఆగడం నాకు గుర్తే. అక్క ఏడవలేదు. దిగి, ట్రంకు పెట్టె తనే మోసుకుని లోపలికి పోయింది. అవ్వ మాత్రం ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు.

వచ్చిన ఆదివారం ఆడవాళ్ళంతా చేరారు. ఓదార్చడానికి వచ్చి ఊరుకుంటారా, టోపీ దొరను పెట్టమన్నారు. చేతికి ఏ క్యాసెట్ దొరికిందో, బాపు కావాలనే పెట్టాడో తెలియదు, గేటు సినిమా వచ్చింది. టోపీ దొర గేటు ముందు నిలబడ్డాడు. గీత, గరగర, అక్క పెళ్ళి. అప్పుడు అవ్వ అడిగింది.

"మరి గాయన ఎటు వోయిండు?"

బాపు చెరుకు గడ తెర మీద ఆనించాడు. "పెట్టె టేషన్ల మర్చిపోయిండు. తెచ్చుకోనీకి వోయిండు."

"వస్తడా?"

"రాకెట్ల? వస్తడు."

అవ్వ ఆ సాయంత్రం రెండు ముద్దలు తింది. ఆ తర్వాత ఆ క్యాసెట్ ఎన్నిసార్లు వేసినా బాపు అదే మాట చెప్పాడు. పెట్టె మర్చిపోయిండు, వస్తడు. అవ్వ వింది, వాడ వింది, మిషన్ కుట్టడం నేర్చుకుంటూ తలుపు దగ్గర కూచున్న అక్క కూడా వింది. నాకు అప్పటికి పదిహేడేళ్ళు, ఒళ్ళంతా కోపం. అక్కకు రెండుసార్లు మంచి సంబంధాలొచ్చాయి. రెండుసార్లూ వద్దంది. మా ఇంటి గేటుకు గొళ్ళెం పెట్టనిచ్చేది కాదు. రావలసినవాడు వస్తే తీసి ఉండాలని కాబోలు అనుకుని నేను పళ్ళు నూరేదాన్ని. అక్క ముప్పై ఏళ్ళు ఆ గేటు చూస్తూ కూచుంది, దానికి బాపు కథే కారణం. ఇదీ నా లెక్క.

ఆ మాట బాపుతో అనేశాను కూడా. ఆయన పోయే ఏడాది. మంచంలో కూచుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఏదో మాట మీద మాట పెరిగి, "నీ పెట్టె కతతోనే అక్క బతుకు ఆగమైంది బాపు. నువ్వే జేసినవ్," అన్నాను. బాపు నా వైపు చూశాడు. "గట్లనా బిడ్డా," అన్నాడు. అద్దాలు తుడవడం మాత్రం ఆపలేదు. ఆ తర్వాత నాలుగు నెలలే ఉన్నాడు. నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మొన్న బుధవారం అక్క ఫోన్ చేసింది. బావ వచ్చాడట. బొంబాయిలో ఎవ్వరూ మిగల్లేదట. అన్న కొడుకు దగ్గర రెంజల్ వైపు ఉంటున్నాడట, ఆదివారం అక్కను చూడడానికి వస్తానని కబురు పంపాడట. ఎవరి జాకెట్ కొలతలో చెప్తున్నట్టు చెప్పింది అక్క. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రమ్మన్నవా?"

"వచ్చేటోన్ని రావద్దంటమా?"

అయిపోయింది అనుకున్నాను. టోపీ దొర పెట్టె తీసుకుని రానే వచ్చాడు. ఇంట్లో పెట్టుకుంటుంది, ఇక ఈ వయసులో వాడికి వండిపెట్టుకుంటూ, మందులిచ్చుకుంటూ కూచుంటుంది. ఆదివారానికి నాలుగు రోజులుంది. బీరువా మీది డిస్కు దించాను. చివరిదాకా చూశాను. రెండుసార్లు చూశాను. బాపు చెప్పింది పచ్చి అబద్ధం. నాకు కావలసింది దొరికింది.

శనివారం పొద్దున్నే ల్యాప్‌టాప్, డిస్కు సంచిలో వేసుకుని బోధన్ బస్సెక్కాను. ఎడపల్లి దాటాక వాన వెలిసింది. చిన్నప్పుడు ఈ దారికి రెండు వైపులా చెరుకే, బండ్ల మీద నుంచి గడలు గుంజుకునేవాళ్ళం. ఇప్పుడంతా వరి. కాలువ నీళ్ళలో మబ్బులు కదులుతున్నాయి. దూరంగా ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడింది. దానిలోంచి పొగ రాక ఏళ్ళయింది. అయినా బస్సు మలుపు తిరగగానే నా ముక్కుకు పాకం వాసన వచ్చినట్టే అనిపించింది.

అక్క ముందుగదిలో మిషన్ దగ్గర ఉంది. అవ్వ గోడ వైపు తిరిగి మంచం మీద పడుకుంది. అవ్వకు ఎనభై దాటాయి, చూపు మసక, చెవులు మాత్రం పాము చెవులు. నిద్రపోతోందిలే అని అక్క సైగ చేసింది.

"ఏందే పిల్లా, గింత పొద్దుగాలనే ఊడిపడ్డవ్?"

"సినిమా సూద్దామని వచ్చిన," అన్నాను.

మధ్యాహ్నం తిన్నాక కిటికీలకు చీరలు కట్టాను. అక్క నవ్వింది, కానీ లేచి పచ్చ చీర తనే కట్టింది. ల్యాప్‌టాప్ మిషన్ బల్ల మీద పెట్టాం. గది మళ్ళీ సగం పచ్చగా, సగం ఎర్రగా అయింది. టోపీ దొర కదలడం మొదలుపెట్టగానే నాకు ఎందుకు వచ్చానో కూడా మరుపొచ్చింది. అక్క మొహం మీద ఆ వెలుగు పడుతుంటే, పక్కన స్టూలు మీద బాపు ఉన్నాడేమోనని రెండుసార్లు తిరిగి చూశాను.

గేటు వచ్చింది. ఆయన టోపీ తీశాడు. ఇక్కడి నుంచి ఈ ఇంట్లో ఎవ్వరూ చూడనిది. లోపల ఆమె కుట్టు ఆపి, కిటికీలోంచి ఆయన్ని చూసింది. గుర్తుపట్టింది. లేవలేదు. ఆయన చాలాసేపు నిలబడి, టోపీ మళ్ళీ పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తెల్లారి ఆమె బయటికొచ్చి, గేటు మూసి, పూలచెట్లకు నీళ్ళు పోసింది. అంతే, సమాప్తం.

"సూసినవా?" అన్నాను. "పెట్టె లేదు గిట్టె లేదు. గాయన మళ్ల రాలే. ఆమెనే వద్దనుకుంది. బాపు జెప్పింది అబద్ధం అక్కా. ఉత్త అబద్ధం."

అక్క దారం పంటితో తెంపింది. "నాకెర్కనే."

"ఏం ఎర్క?"

"గీ కత. బాపు జీపులనే జెప్పిండు, రెంజల్ నుంచి తోలుకొస్తుండంగ. సారు జెప్పిన అసలు కత గిది బిడ్డా, ఆమె గేటు ఏసుకుంటది, నువ్వు గూడ ఏసుకో, భయపడకు, నేనున్న అన్నడు. నేను గా దినమే ఏసుకున్న."

"మరి పెట్టె?"

"గది నేనే జెప్పమన్న." అక్క అవ్వ వైపు చూసి గొంతు తగ్గించింది. "అవ్వ అన్నం ముట్టకపాయె. గిట్లనే ఉంటె బతకదు, వస్తడని ఏదన్న జెప్పు బాపు అన్న. గప్పటికప్పుడు పెట్టె అని జెప్పిండు. నాకే నవ్వొచ్చింది."

"నాకెందుకు జెప్పలే?"

"నీ నోట్ల నువ్వుగింజ నానుతదా?"

"మరి గేటు? గొళ్ళెం పెట్టనియ్యవు గద?"

"జాకెట్లకు వచ్చేటోళ్ళు గొళ్ళెం తియ్యరాక గేటే గుంజుతరే! రెండుసార్లు ఊడవీకిండ్రు." అక్క పగలబడి నవ్వింది. "సంబంధాలు వద్దన్న, ఎందుకంటె నాకు మిషన్ దొరికింది. గాయనతోటి మూడేండ్లు, దీనితోటి ముప్పై. దేనితోటి సుఖపడ్డనో నాకు తెల్వదా?"

నేను నవ్వలేకపోయాను. కళ్ళద్దాలు తుడుచుకుంటున్న బాపు చేతులే కనబడుతున్నాయి. ఒక్క మాట చెప్తే సరిపోయేది. అక్కే చెప్పమంది బిడ్డా అంటే అయిపోయేది. చెప్పలేదు. చెప్తే నేను వెళ్ళి అవ్వ ముందు అరిచేదాన్ని, అది ఆయనకు తెలుసు. నా నోటికి భయపడి ఆ నింద నెత్తిన పెట్టుకుని పోయాడు మా బాపు.

"అక్కా, నేను బాపును అన్న. నీ బతుకు ఆగం జేసినవని. ఆయన పోయిన ఏడాదే."

"ఎర్కే. బాపు జెప్పిండు."

"ఏమన్నడు?"

"చిన్నది బాగ కోపం జేసిందే ఇయ్యాల అన్నడు. మంచిదే, నేను వోయినంక నీ తరఫున కొట్లాడెతందుకు ఒకలున్నరు అన్నడు."

ఇక ఆపుకోలేకపోయాను. మిషన్ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. పదకొండేళ్ళది ఏడ్చాను. అక్క నా వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ల్యాప్‌టాప్ మూసింది. మంచం మీద అవ్వ ఇటు తిరగలేదు.

ఆదివారం పదిగంటలకు బావ వచ్చాడు. టోపీ లేదు, బట్టతల. చేతిలో అరటిపండ్ల సంచి. గేటు తీసే ఉంది, అయినా లోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు. నేను కిటికీ చీర పక్కకు జరిపి చూస్తున్నాను, వాడు ఒక్క మాట తప్పు మాట్లాడితే దూకుదామని. అక్క మిషన్ ఆపి బయటికి పోయింది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన నిలబడే తాగాడు.

"పాణం మంచిగున్నదా?" అంది అక్క.

"ఏదో, ఉన్నది. నిన్ను సూసి పోదామని..."

"సూసినవ్ గద. నాకు కోపం లేదు. నువ్వు గీడ ఉండుడు మాత్రం కుదరదు. మందులకు ఇబ్బందైతె మీ అన్న పిల్లగానితోటి కబురు వంపు."

ఆయన తలూపి, పండ్ల సంచి గేటు కమ్మికి తగిలించి, రోడ్డు వైపు నడిచాడు. కాలు ఈడుస్తున్నాడు. నిన్నటిదాకా నేను చంపేద్దామన్నంత కోపం పెట్టుకున్న మనిషి ఈయనేనా అనిపించింది. అక్క ఆయన మలుపు తిరిగేదాకా చూసి, సంచి తీసి కిటికీలోంచి నాకు అందించింది. ఎవరివో మేకలు లోపలికి వస్తుంటే అదిలించి గేటు దగ్గరికి వేసింది.

వెనక మంచం కిర్రుమంది. అవ్వ లేచి కూచుంది. మసక కళ్ళతో వాకిలి వైపు చూస్తోంది.

"బిడ్డా, అల్లుడు వచ్చినట్టున్నడు. గొంతు ఇనవడ్డది."

"వచ్చిండవ్వా."

"మరి లోపలికి రాకపాయె. ఎటు వోయిండు?"

గుమ్మంలోకి వచ్చిన అక్క అక్కడే ఆగి నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆ మాటంటే పళ్ళు నూరిన దాన్ని. నా నోరు నా మాట వినలేదు. నా గొంతులోంచి బాపు పలికాడు.

"పెట్టె టేషన్ల మర్చిపోయిండట అవ్వా. తెచ్చుకోనీకి వోయిండు. వస్తడు."

అవ్వ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కొంగు సర్దుకుంది.

"ముప్పై ఏండ్లాయె," అంది. "గా పెట్టె ఇంకా దొరుకుతలేదా?"

నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అవ్వ మా ఇద్దరి వైపూ చూడలేదు. సంచిలోంచి ఒక పండు ఒలిచి ఇమ్మని నాకు చెయ్యి చాపింది.